ఏకుల కట్టలో ఉత్తరం

అతను నాకు రాసింది ఒకే ఒక్క ఉత్తరం. నేను దాన్ని చదివింది రెండుసార్లు. రెండోసారి పూర్తికాకముందే మామ్మ నా చేతిలోంచి తీసుకుని పొయ్యిలో పెట్టేసింది. అంటే చివరి రెండు వాక్యాలు నేను జీవితంలో ఒక్కసారే చదివాను, కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా పొల్లు పోకుండా గుర్తున్నవి ఆ రెండే.

అతని పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో అతనికి షాపుంది, భార్యా పిల్లలున్నారు, అదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, అక్కడికి వస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఖద్దరు పేరు చెప్తే చాలామందికి మా ఊరు తెలుస్తుంది. నాన్న రైసు మిల్లులో గుమాస్తా, అమ్మ ఇల్లు చూసుకునేది, మామ్మ నూలు వడికేది. నాకు బుద్ధి తెలిసేనాటికే మా వసారాలో రాట్నం ఉంది. పొద్దున్న నేను లేచేసరికి ఆ చప్పుడు, రాత్రి పుస్తకం ముందు కునికిపాట్లు పడుతున్నప్పుడు కూడా ఆ చప్పుడే. మామ్మ పనిలో నాకు ఎప్పటికీ వింతగా ఉండేది వాలుగ చేప దవడ. ఎండిన దవడ ఎముక, దాని నిండా సన్నటి పళ్ళు, వేలితో రాస్తే ఆకురాయిలా గరగరలాడేది. గింజ మీదున్న పత్తిని ఎడమ చేత్తో పట్టుకుని ఆ దవడతో మెల్లగా, చంటిపిల్లకి తల దువ్వినట్టు దువ్వేది. ఎండాకు పొడి, నలక అన్నీ ఒళ్ళో పరుచుకున్న గుడ్డ మీద రాలిపోయేవి, పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి మెరిసేవి. ఆ తర్వాత చెక్క మీద ఇనుప పుల్ల దొర్లించి గింజ తీయడం, విల్లుతో దూది ఏకడం, ఆ దూదిని వడకడానికి వీలుగా సన్నటి ఏకులుగా చుట్టి ఎండిన అరటి దొప్పలో పెట్టడం. ఆ దొప్ప లోపలి వైపు ఎంత నున్నగా ఉంటుందంటే దూది పోగు దానికి అంటదు, చేతి చెమటా తగలదు, రాట్నం ముందు కూర్చుని ఎంతసేపు వడికినా ఏకు నలగదు. వంద కౌంటు నూలు, అంత సన్నటి నూలు, ఊరికే రాదు మరి.

మామ్మకి చూపు తగ్గాక దూది ఏకి, ఏకులు చుట్టే పని మాకు ఎదర వీధిలో ఉండే ఒకావిడ చేసిపెట్టేవారు. నాలుగైదు రోజులకోసారి ఆ కట్ట తెచ్చి మా వసారాలో పెట్టి వెళ్ళేవాడు వాళ్ళబ్బాయి. అతనే. చిన్నప్పట్నించీ చూస్తున్న మనిషే కాబట్టి నేనెప్పుడూ ప్రత్యేకంగా చూడలేదు.

1996 జూన్‌లో నేను శ్రీకాకుళంలో ఇంటర్ బైపీసీలో చేరాను. అతను వేరే కాలేజీలో ఎంపీసీ. ఏడుంపావు బస్సు. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి, ఎచ్చెర్ల మీదుగా వెళ్ళి, నాగావళి దాటి ఊళ్ళోకి వెళ్ళేది. వెనక ఊళ్ళ నుంచే నిండిపోయి వచ్చేది, పాల క్యాన్లు, కూరగాయల గంపలు, కోర్టు పనుల మీద వెళ్ళేవాళ్ళు, మాలాంటి పాసుల వాళ్ళు. మా స్టాపులో బస్సు మలుపు తిరుగుతుండగానే మగపిల్లలు దానితో పాటు పరిగెత్తి కిటికీలోంచి కర్చీఫో పుస్తకమో సీట్లో విసిరేవారు. అలా విసిరితే ఆ సీటు వాళ్ళదన్నమాట, దాన్ని ఎవరూ కాదనేవారు కాదు. అతను లాంగ్ నోట్‌బుక్ విసిరేవాడు, నీలం అట్ట, మూలలు చిరిగిపోయి ఉండేది. నేను నెట్టుకుని ఎక్కేసరికి లేడీస్ సీట్ల వెనక వరసలో కిటికీ పక్కన కూర్చుని ఉండేవాడు. నన్ను చూడగానే పుస్తకం తీసుకుని లేచి ఫుట్‌బోర్డు మీదకి పోయేవాడు. ఖాళీ అయిన సీటు కదా అని నేను కూర్చునేదాన్ని.

రెండు నెలలు నాకేమీ అనిపించలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డం కుర్రాళ్ళకి సరదా కదా అనుకున్నాను. ఒకరోజు నాకు జ్వరం వచ్చి కాలేజీ మానేస్తే, నా ఫ్రెండ్ సాయంత్రం నోట్సు ఇవ్వడానికి వచ్చి యథాలాపంగా అంది, ఇవాళ ఆ అబ్బాయి చిలకపాలెం దాకా సీటు మీద పుస్తకం పెట్టి నిలబడే ఉన్నాడే, ఎవరినీ కూర్చోనివ్వలేదు, చివరికి ఒక ముసలాయనకి ఇచ్చాడు అని. ఆ మాటతో ఆ రెండు నెలల పొద్దున్నలూ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. జ్వరం నూటరెండు ఉంది, అయినా రాత్రంతా నిద్ర పట్టకపోవడానికి జ్వరం కారణం కాదు.

ఆ తర్వాత రోజూ తెలిసే కూర్చున్నాను. కూర్చునే ముందు ఒక్క క్షణం అతని వైపు చూసేదాన్ని, అతను అటు తిరిగిపోయేవాడు. రెక్సిన్ అప్పటికి వెచ్చగానే ఉండేది. ఇప్పుడు రాస్తుంటే చేతులు కాస్త వణుకుతున్నాయి, అంత చిన్న విషయం, ఒక మనిషి కూర్చున్న చోటు వెచ్చగా ఉండటం, పదహారేళ్ళప్పుడు ఆ వెచ్చదనం కోసం రాత్రి నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఏడాదిన్నర పైన అలా సాగింది. ఆ ఏడాదిన్నరలో మేం మాట్లాడుకున్న మాటలు ఒక కాగితానికి ఒక వైపు సరిపోతాయి. వాటిలో సగం ఒక్క రోజువే. ఆ రోజు ఆర్టీసీ బస్సులు తిరగలేదు, అందరం స్టేషన్‌కి పరిగెత్తి పాసింజరు ఎక్కాం. పొందూరు తర్వాత దూసి, తర్వాత ఆమదాలవలస. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది గాని మేమందరం ఆమదాలవలస అనే అంటాం, అక్కడ దిగి జీపులో ఊళ్ళోకి వెళ్ళాలి. దూసి దాటాక నాగావళి వంతెన మీద బండి నెమ్మదించింది. వేసవి కాబట్టి ఏటిలో ఇసుకే ఎక్కువ, ఒక పక్కగా సన్నగా నీళ్ళు. తలుపు దగ్గర నిలబడి ఉన్నాం, మధ్యలో ఒకావిడ చేపల గంప.

"ఇంటరయ్యేక ఏటి సేస్తావు?" అని నేనే అడిగాను.

"కరెంటు పని. మోటార్లంటే ఇష్టం నాకు. నువ్వు?"

"టీచరు."

అతను కాసేపు ఏరు చూసి, "అయితే అవ్వు" అన్నాడు.

అంతే. నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. మా ఇంట్లో ఆ మాట అంటే అమ్మ "పెళ్ళయ్యేక మీ ఆయన సదివిస్తే సదువుకుందువు" అనేది, నాన్న అసలు వినిపించుకునేవాడు కాదు. నా కోరిక విని, అది జరిగే పనే అన్నట్టు మాట్లాడిన మొదటి మనిషి అతను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఈ కాలం పిల్లలకి అర్థం కాదు. 1995లో మా చిన్నాన్న కూతురి పుస్తకంలో ఒక చీటీ దొరికింది. ఆ చీటీ రాసినవాడితో అది ఒక్కసారైనా మాట్లాడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరూ అడగలేదు. నెల తిరక్కుండా ఖరగ్‌పూర్ సంబంధం చేసేశారు. పదోతరగతి పరీక్ష ఫీజు కట్టింది కూడా, రాయలేదు. ఆడపిల్లకి పద్దెనిమిది నిండాలని చట్టం 1978లోనే మార్చారు, మా వీధిలో దాని గురించి పట్టించుకున్నవాళ్ళు లేరు. పెళ్ళిలో అది నా చెయ్యి పట్టుకుని "నా జామెట్రీ బాక్సు నువ్వు తీసుకో" అంది. ఆ బాక్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కాబట్టి మా దగ్గర ప్రేమ అనే మాటకి ఖరీదు ఎవరు కట్టాలో నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చేశాను.

1998 రథసప్తమికి ఇంటిల్లిపాదీ అరసవల్లి వెళ్ళాం. తెలిసినవాళ్ళకి తెలుసు, ఆ రాత్రి అరసవల్లిలో నిలబడ్డానికి చోటుండదు. అర్ధరాత్రి నుంచే స్వామికి క్షీరాభిషేకం, వేల మంది చెంబులతో పాలు పట్టుకుని క్యూలో నిలబడతారు. తెల్లవారితే పుష్కరిణి దగ్గర జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానాలు, ఎక్కడ పడితే అక్కడ పిడకల మీద పొంగుతున్న పాయసం, ఆ పొగ, పాల వాసన, తడి బట్టలు. మామ్మ రెండు గంటలు నిలబడేసరికి కళ్ళు తిరిగి కూలబడింది. నాన్న ముందు వరసలో ఎక్కడో ఉన్నాడు. నేనూ అమ్మా కంగారుపడుతుంటే జనంలోంచి అతను స్టీలు చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చాడు. మామ్మ ముందు కూర్చుని తాగించాడు, తువ్వాలు తడిపి మెడ తుడిచాడు, ఒక రాయి చూసి కూర్చోబెట్టాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అంత ప్రయత్నం చేసి చూడకుండా ఉండటం మామ్మ కంట పడింది. చూపు ఆనని మామ్మకి!

అతను వెళ్ళాక నా చెవి దగ్గర మెల్లగా అడిగింది, "ఈడు నీల్లు నాకు తెచ్చేడా, నీకు తెచ్చేడా?"

నేనేమీ అనలేదు. మామ్మ కూడా మళ్ళీ అడగలేదు.

తర్వాత వారం ఏకుల కట్ట వచ్చింది. మామ్మ రాట్నం ముందు కూర్చుని దొప్ప విప్పి ఒక్కొక్క ఏకూ తీస్తుంటే అడుగున మడత పెట్టిన రూళ్ళ కాగితం. మామ్మకి అక్షరం ముక్క రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పిలిచి, "నీ కాయితమేటో ఏకుల్లో ఉండిపోనాదే" అని నా చేతిలో పెట్టింది. ఏకుల్లో నా కాగితం ఎందుకుంటుంది? అది మామ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

పెరట్లో బాదం చెట్టు వెనక నిలబడి చదివాను. పది లైన్లు కూడా లేదు. నువ్వు కిటికీ పక్కన కూర్చుంటే నాకు రోజంతా బావుంటుంది అని రాశాడు. ఇది నీకు చెప్పాలనిపించింది అన్నాడు, జవాబు రాయక్కర్లేదు అన్నాడు. ఇంకేవో రెండు మూడు మాటలు, సరిగ్గా గుర్తు లేవు. చివర, "నీకు టీచరు అవ్వాలని ఉందన్నావు. అది మాత్రం ఎవరి కోసమూ మానకు."

నిజం చెప్తున్నాను, నాకు నిరాశ కలిగింది. ఉత్తరమంతా వెతికినా ప్రేమ అన్న మాట లేదు. ఐ లవ్ యూ లేదు. నువ్వు లేకపోతే చచ్చిపోతాను అని లేదు. అప్పటికి నాకు తెలిసిన ప్రేమంతా బస్సు సీట్ల వెనక తాళంచెవితో గీకిన పేర్లు, మధ్యలో బాణం, దాని కింద రక్తం బొట్లు. నలుగురికీ వినిపించేలా అరిస్తే ప్రేమ. ఏడాదిన్నర ఆ బస్సులోనే తిరిగినా అతను నా పేరు ఎక్కడా గీకలేదని లోలోపల నాకు చిన్న కోపం కూడా ఉండేది. ఇప్పుడు నా క్లాసులో ఆ వయసు పిల్లల్ని చూస్తుంటే వాళ్ళని ఏమీ అనలేను. ఆ వయసులో మనసు మోయలేనంత నిండిపోతుంది, దానికి పేరు పెట్టే మాటలు మాత్రం బయట నుంచే వస్తాయి, దొరికిన మాటనే నిజం అనుకుంటాం.

జవాబు రాయక్కర్లేదు అన్నవాడికి నేను నాలుగు పేజీలు రాశాను. కెమిస్ట్రీ నోట్సు మధ్య కాగితాలు చించి, రెండు రాత్రులు కూర్చుని రాశాను. నువ్వు లేకపోతే బతకలేను, నన్ను ఎక్కడికైనా తీసుకుపో, ఇంట్లో వాళ్ళు నాకు అక్కర్లేదు. ఇంట్లో వాళ్ళు అక్కర్లేదని రాస్తున్నప్పుడు పక్క గదిలో మామ్మ దగ్గుతోంది, లేచి వెళ్ళి వేన్నీళ్ళు ఇచ్చి వచ్చి మళ్ళీ అదే వాక్యం దగ్గర కూర్చుని కొనసాగించాను. ఆ ఉత్తరం నిండా నేనే ఉన్నాను. అతని గురించి ఒక్క ప్రశ్న లేదు, మోటార్ల గురించి లేదు, వాళ్ళమ్మ గురించి లేదు. నాది అబద్ధం అనను. కానీ నన్ను చూసే మనిషి ఒకడున్నాడన్న సంబరం అది, అతని మీద ప్రేమ అందులో ఇంకా మొలక దశలో ఉంది. కింద పేరు మాత్రం రాయలేదు, ఆ ఒక్క జ్ఞానం ఎలా వచ్చిందో.

బస్సు దిగేటప్పుడు అతని నీలం అట్ట పుస్తకంలో పెట్టేశాను. అతని ముఖం పాలిపోయింది.

మూడో రోజు సాయంత్రం. వాళ్ళమ్మగారు బట్టలు నానబెట్టబోతూ చొక్కా జేబులో కాగితాలు చూశారు. చదువు రాని మనిషి, పరీక్ష కాగితాలేమో తడిసిపోతాయని తీసి వాళ్ళాయనకి ఇచ్చారు. ఆవిడ తప్పేమీ లేదు, కొడుకు చదువు పాడవకూడదని జాగ్రత్తగా తీసిన కాగితాలు అవి.

కేకలు వినిపించి మా వీధి మొత్తం అటు వెళ్ళింది. మా పక్క గది కిటికీలోంచి వాళ్ళ ఇంటి ముందు వేపచెట్టు కనపడుతుంది. రెండు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళ నాన్న చేతిలో చింతబరికె. కొట్టిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, ఆ పిల్లెవులు? చుట్టూ చేరినవాళ్ళదీ అదే. పేరు చెప్పీ, ఇడిసిపెడతారు అని ఒకాయన బుజ్జగిస్తున్నాడు. ఆ గుంపులో మా నాన్న ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడి, "సెప్పించాలండి, ఏ ఇంటి పిల్లో తెలియాలి కదా" అన్నాడు. నా చెవులతో విన్నాను. తర్వాత చెయ్యి చాపి, "ఏదీ, ఆ ఉత్తరం ఇలాగియ్యండి, రాత సూద్దాం" అన్నాడు.

నాన్న మిల్లులో లెక్కలు రాసే మనిషి. నా చేతిరాత దిద్దించింది ఆయనే. ఒక్క లైను చూస్తే చాలు.

వాళ్ళ నాన్న కాగితాలు అందించబోతుంటే అప్పటిదాకా తల వంచుకుని దెబ్బలు తింటున్నవాడు ఒక్క గెంతులో లాక్కున్నాడు. చించి, నలిపి, పక్కనున్న మురుగుకాలవలో కూరి చేత్తో కిందికి తొక్కేశాడు. మోచేతి దాకా నల్లటి బురద. ఆ తర్వాత పడిన దెబ్బలు నేను రాయలేను. పేరు చెప్పలేదు. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఏమిటంటే, అంతసేపట్లో అతను మా ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్క చూపు చాలు, ఆ గుంపులో ఎవరో ఒకరు పట్టేసేవారు. దెబ్బలు తింటూ కూడా కళ్ళు ఎటు వెళ్ళకూడదో అతనికి తెలుసు.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. బయటికి వెళ్ళి నాదే ఆ ఉత్తరం అని చెప్పలేదు. వాళ్ళు చెప్పనిచ్చేవారా, చెప్తే అతనికి దెబ్బలు తగ్గేవా పెరిగేవా, చిన్నాన్న కూతురిలా నేనూ ఏ ఖరగ్‌పూరో వెళ్ళిపోయేదాన్నా, ఇవన్నీ ఆలోచించి ఆగలేదు. కాళ్ళు కదల్లేదు, అంతే. అది ఇవాళ్టికీ నాలో ఉంది. ఎవరో వచ్చి నీ తప్పేం లేదులే, చిన్నపిల్లవి అంటే పోయేది కాదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో పొయ్యి వెలుగులో కూర్చుని అతని ఉత్తరం రెండోసారి తీశాను. మామ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. పక్కన కూర్చుంది. "ఆ కాయితం నీదేనా?" అంది. ఏ కాగితం అని నేను అడగలేదు. ఊ అన్నాను. చేతిలోంచి ఉత్తరం తీసుకుని నిప్పుల్లో పెట్టింది. అది కాలి ముడుచుకుని బూడిదయ్యేదాకా పుల్లతో కదుపుతూనే ఉంది.

"ఆడు సెప్పనేదు" అంది. "నువ్వూ సెప్పకు. నోరు మూసుకుని రేపు బేగి లెగిసి బస్సెక్కు. ఒక్క రోజు మానీసేవంటే అందరికీ తెలిసిపోద్ది."

ఏడిస్తే కొంగుతో నా నోరు నొక్కింది, కోపంగా కాదు, చప్పుడు రాకుండా. మామ్మ చేతికి ఎప్పుడూ పత్తి గింజల వాసన వేసేది.

తెల్లారి బస్సెక్కాను. సీటు లేదు. ఎచ్చెర్ల దాకా నిలబడ్డాను. ఆ తర్వాత రోజూ నిలబడే వెళ్ళాను.

అతన్ని ఆ వారంలోనే విశాఖపట్నం గాజువాకలో ఉన్న వాళ్ళన్నయ్య దగ్గరికి పంపించేశారు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. నేను రాశాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. అతను ఆ ఏడాది రాయలేదు. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రికల్ చేశాడని ఎవరో అనుకుంటుంటే విన్నాను. నేను డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ. నా చదువు ఆగకపోవడానికి కారణం నా తెలివో, నాన్న మనసు మారడమో అని మా బంధువుల్లో అనుకుంటారు. ఎవరో ఒక కుర్రాడు మురుగుకాలవలో చెయ్యి పెట్టడం వల్ల నేను టీచరునయ్యానని తెలిసింది మామ్మ ఒక్కర్తికే.

నా పెళ్ళి పెద్దలు కుదిర్చిందే. మా ఆయన మంచి మనిషి. ఇదంతా ఆయనకి ఎప్పుడో చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ అబ్బాయి ఇప్పుడు బాగున్నాడా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో ఆయన మీద నాకు కలిగింది ఏమిటో దాన్ని కూడా ప్రేమ అనే అంటాను.

2006లో మామ్మ పోయింది. కబురు తెలిసి పిల్లని చంకనేసుకుని వెళ్ళేసరికి వసారాలో పడుకోబెట్టి ఉంచారు, రాట్నం గోడవైపు జరిపేశారు. వీధి మగవాళ్ళందరూ వచ్చారు. అతను అప్పటికి ఊరు తిరిగొచ్చి మోటార్ల వైండింగు షాపు పెట్టుకున్నాడు. నుదుటి దగ్గర జుట్టు పల్చబడింది. నాన్న పక్కనే నిలబడి పాడె కట్టాడు, నాన్న చెప్తుంటే కట్లు బిగించాడు. మా నాన్నకి అప్పటికీ తెలియదు, పోయేదాకా తెలియలేదు. ముందువైపు ఎడమ పక్క అతనే భుజం పెట్టాడు. ఏకుల కట్టలు మోసిన ఇంటికే.

వాళ్ళటు వెళ్ళాక ఆడవాళ్ళం వసారా కడుగుతుంటే ఒకమ్మాయి గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. "పొద్దుట్నించీ ఏటీ తాగనేదట కదక్కా, చంటిపిల్ల తల్లివి. మా ఆయన ఇమ్మన్నారు" అంది. ఎవరమ్మా నువ్వు అని అడిగితే భర్త పేరు చెప్పకుండా వేపచెట్టు ఇల్లు చూపించింది. ఆమెకి ఏం తెలుసో, ఎంత తెలుసో నేను తెలుసుకోవాలనుకోలేదు. మజ్జిగలో కరివేపాకు, కొంచెం ఉప్పు ఎక్కువ. మొత్తం తాగాను.

ఊరెళ్ళినప్పుడు షాపు ముందు నుంచి వెళ్తుంటాను. పని చేస్తూ తలెత్తితే "బావున్నారా" అంటాడు, "బావున్నాం" అంటాను. బస్సులో నువ్వు అన్న మనిషి మీరు అంటాడు ఇప్పుడు. ఆ రోజు కిటికీ వెనక నిలబడిపోయినందుకు క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగాలంటే పేరు బయటికి తీయాలి, అతను అంత కష్టపడి దాచిన పేరు. అందుకే నేనూ అతనిది రాయడం లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల మా హైస్కూల్లో జరిగిన ఒక విషయం. ఏ ఊరి స్కూలో అక్కర్లేదు. తొమ్మిదో తరగతి గదిలో బెంచీ కింద ఒక ఉత్తరం దొరికింది, స్టాఫ్ రూముకి వచ్చింది. రెండు పేజీలు, ఎర్ర పెన్నుతో గీతలు, నువ్వు లేకపోతే బతకలేను. కింద పేరు లేదు. ఒకరు నవ్వారు, ఒకరు ఫోన్లు పిల్లల్ని పాడుచేస్తున్నాయన్నారు, ఒకరు వరసగా అందరి తల్లిదండ్రుల్నీ పిలిపిద్దామన్నారు. చివరికి కాగితం నా ముందుకి వచ్చింది. "మీరు రికార్డులు దిద్దుతారు కదా మేడం, రాత పోల్చగలరా?"

ద అక్షరం కింద తోకని అంత పొడుగ్గా లాగే పిల్ల ఆ క్లాసులో ఒక్కర్తే ఉంది. నాన్న ఆ రోజు చాపిన చెయ్యి గుర్తొచ్చింది.

"తెలియట్లేదండి" అన్నాను. కాగితం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను.

సాయంత్రం ల్యాబులో మైక్రోస్కోపులు సర్దే పని ఉందని ఆ పిల్లని ఆపాను. ముందు అడగాల్సింది అడిగాను, ఎవరైనా నిన్ను బెదిరిస్తున్నారా, ఫొటోలు అడుగుతున్నారా, పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా ఇందులో? లేదు మేడం, లేదు, మా క్లాసే అని వెక్కుతూ చెప్పింది. రెండోసారి కూడా అడిగి, ముఖం చూసి, నిజమే అని నమ్మాకే ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను. భయంతో వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంట్లో చెప్తారా మేడం అంది. చెప్పనన్నాను. ఏ సాయం కావాలన్నా నా దగ్గరికే రమ్మన్నాను. ప్రేమ గురించి పాఠం చెప్పాలనిపించలేదు, ఆ వయసులో నాకు ఎవరు చెప్పినా వినేదాన్ని కాదు. ఒకటే అడిగాను.

"రేపు స్కూలుకి వస్తావా?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఇంత చిన్న విషయం అడుగుతుందేమిటి అన్నట్టు చూసింది.

మర్నాడు హాజరు పిలిచాను. ఆ నంబరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం ఆగింది. కిటికీ పక్క బెంచీ నుంచి "ప్రెజెంట్ మేడం" అని వినిపించింది.